జొన్న చరిత్ర, గుండెకు మేలైన అల్పాహారం: తార్నాక పరిశోధనల నేపథ్యం

కీలకపదాలు: జొన్న, అల్పాహారం, పెల్లగ్రా, జాతీయ పోషకాహార సంస్థ, హృదయారోగ్యం

1. ఉపోద్ఘాతం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఆనుకొని, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. విశ్వవిద్యాలయం స్థాపితమైన 1918లోనే ఈ సంస్థకు మూలమైన బెరిబెరి పరిశోధనను రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరుల్లోని కూనూరులో ప్రారంభించాడు. ఆ ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో నేటి పేరు పొందింది. గుండె ఆరోగ్యం కోసం ఇడ్లీలో బియ్యపు రవ్వకు బదులు జొన్నరవ్వ వాడమనే సలహా నేడు తరచుగా వినిపిస్తున్నది. దాని చారిత్రక నేపథ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. రెండు ధాన్యాలు, రెండు వ్యాధులు

బియ్యాన్ని మరలో తెల్లగా పాలిష్ పట్టినప్పుడు తవుడుతో పాటు థయమిన్ అనే విటమిన్ కూడా చాలావరకు పోతుంది. అటువంటి బియ్యమే దాదాపు సమస్త ఆహారమైన చోట బెరిబెరి ప్రబలింది. కోస్తా ఆంధ్ర ప్రాంతం ఇందుకు నిదర్శనం.

దక్కన్ పీఠభూమిలో సమస్య వేరు. రొట్టె, గటక, అంబలి రూపాల్లో జొన్ననే నమ్ముకున్న నిరుపేదల్లో పెల్లగ్రా కనిపించింది. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ ఇందుకు కారణం కావచ్చునని గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. శరీరంలో నయాసిన్ ఏర్పడే ప్రక్రియకు అది అడ్డు తగులుతుందని వారి వాదం. ఆ సిద్ధాంతంపై తరువాత భిన్నాభిప్రాయాలు వెలువడ్డాయి. కానీ ఒక విషయం స్పష్టం: పప్పు, పాలు, మాంసం అందని పళ్లెంలో ఒకే ధాన్యం మిగలడమే అసలు సమస్య.

3. మార్పిడి వెనుక లెక్క

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పేదల పళ్లెంలో బియ్యం వాటా పెరిగింది. ఇప్పుడు జొన్న తిరిగి వస్తున్నది. 2017 నాటి భారతీయ ఆహార సంఘటన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు సుమారు 2.8 గ్రాములు కాగా, జొన్నలో 10.2 గ్రాములు. పీచులో కరిగే భాగం పేగులో పిత్తామ్లాలను పట్టి బయటకు పంపుతుంది. వాటిని తిరిగి తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వినియోగిస్తుంది.

వంటింట్లో ఈ మార్పు సులభం. ఒక పాలు మినపప్పుకు రెండు పాళ్ల జొన్నరవ్వ కలిపి పులియబెడితే ఇడ్లీ పిండి సిద్ధమవుతుంది. దోశకు బదులు పొట్టు తీయని పెసలతో పెసరట్టు, బొంబాయి రవ్వ ఉప్మాకు బదులు కూరగాయలు కలిపిన జొన్నరవ్వ ఉప్మా చేసుకోవచ్చు. పూరీ, గారె నిత్యాహారం కాక పండుగ వంటకాలుగా ఉండడం మేలు. అయితే ధాన్యం మార్చి ఊరగాయ, కారప్పొడి యథాతథంగా ఉంచితే రక్తపోటుకు ఒరిగేదేమీ లేదు. రోజు మొత్తంలో ఉప్పు 5 గ్రాములు దాటకూడదు.

4. ముగింపు

ధాన్యాలు, చిరుధాన్యాల నుంచి వచ్చే కెలరీలు 45 శాతానికి మించరాదని ఈ సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఒకే ధాన్యంపై ఆధారపడరాదన్న పాత అనుభవం ఈ పరిమితిలోనూ ప్రతిఫలిస్తున్నది. ఒకప్పుడు వేరే గతి లేక తిన్న జొన్న నేడు రేషన్ బియ్యం కంటే ఖరీదైనది. కాబట్టి జొన్నను సిఫారసు చేసేవారు దాని పక్కన పప్పు, కూరగాయలు ఉన్నాయో లేదో, వాటిని కొనే స్తోమత ఆ ఇంటికి ఉందో లేదో కూడా అడగాలి. ఆ ప్రశ్న లేని సిఫారసు పెల్లగ్రా నేర్పిన పాఠాన్ని విస్మరించినట్లే.