స్థానిక లిపి డొమైన్ పేర్లు – ట్రేడ్‌మార్క్ రక్షణ

రోమన్ అక్షరాలకు బదులు తెలుగు, అరబిక్, చైనీస్, సిరిలిక్ వంటి లిపుల్లో రాసే ఇంటర్నెట్ చిరునామాలే స్థానిక లిపి డొమైన్ పేర్లు. లిపి మనకోసమే, లోపల నడిచేది వేరు. చిరునామా చివర ‘భారత్’ అని తెలుగులో కొడితే, బ్రౌజర్ దాన్ని ప్యూనీకోడ్ పద్ధతిలో ‘ఎక్స్‌ఎన్’, రెండు అడ్డగీతలతో మొదలయ్యే రోమన్ అక్షరాల వరుసగా మార్చుకుంటుంది.

2010 మే నెలలో ఈజిప్టు, సౌదీ అరేబియా, యూఏఈల అరబిక్ డొమైన్లు వాడుకలోకి వచ్చాయి; చివరి భాగం కూడా స్థానిక లిపిలో ఉన్నవాటిలో ఇవే మొదటివి. 2013 అక్టోబరులో, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ ప్రవేశపెట్టిన తొలి నాలుగు కొత్త జెనరిక్ (ఏ దేశానికీ చెందని) డొమైన్లలో ఒక్కటీ రోమన్ లిపిది కాదు.

ట్రేడ్‌మార్క్ యజమానుల చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కొత్త జెనరిక్ డొమైన్ తెరిచినప్పుడు పేరును అందరికంటే ముందు దక్కించుకోవాలంటే ట్రేడ్‌మార్క్ క్లియరింగ్‌హౌస్ అనే కేంద్ర జాబితాలో మార్కు నమోదై ఉండాలి. ఆ హక్కు అక్షరం పొల్లుపోకుండా సరిపోలిన పేరుకే. రోమన్ మార్కు తెలుగు రూపానికి అక్కరకు రాదు. ఇంతకీ తెలుగు రూపం ఏది? కోకాకోలా, కోకకోలా, కోకాకోల – ఏది రాసినా మనకు తెలిసేది ఆ పానీయమే, యంత్రానికి మాత్రం మూడూ వేర్వేరు.

పలుకుతో పాటు చూపు కూడా మోసం చేస్తుంది. 2017లో ఒక పరిశోధకుడు యాపిల్ చిరునామాలోని పేరును పూర్తిగా సిరిలిక్ అక్షరాలతో నమోదు చేసి చూపితే, అప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో తేడా కంటికి ఆనలేదు. మనకు కన్నడం పక్కనే ఉంది: జ, బ, ల రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే. అందుకే చిరునామాలో చుక్క తర్వాతి చివరి భాగానికి వర్తించే ఐకాన్ నియమాల్లో ఇలాంటి జంటలను ఒక్కటిగానే లెక్కిస్తారు.

వివాదం వస్తే అంతర్జాతీయంగా 1999 నాటి యూడీఆర్‌పీ అనే డొమైన్ వివాదాల పరిష్కార విధానమే దిక్కు. పేరును దురుద్దేశంతో నమోదు చేశారనీ, దురుద్దేశంతో వాడుతున్నారనీ రెండూ రుజువు చేయాలి. డాట్ ఇన్, డాట్ భారత్ పేర్లకు వర్తించే మన దేశపు విధానం ఐఎన్‌డీఆర్‌పీ కింద వాటిలో ఒకటి చాలు. ఫిర్యాదుదారుకు ఇది మేలైన నిబంధన. ఐఎన్‌డీఆర్‌పీ రాకముందే, 2004లో సత్యం ఇన్ఫోవే అనే కంపెనీ కేసులో, డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు తేల్చింది.

అయినా ట్రేడ్‌మార్క్ వేరు, డొమైన్ వేరు: ఒకే పేరుతో ఊళ్లో మిఠాయి కొట్టూ, బట్టల దుకాణమూ ఉండొచ్చు. డొమైన్ మాత్రం ఒక్కరికే దక్కుతుంది. ముందుజాగ్రత్తగా తెలుగు లిపిలోని మార్కును మన ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో విడిగా నమోదు చేసుకోవచ్చు. దరఖాస్తుకు హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ లిప్యంతరీకరణ, అనువాదం జతచేయాలి.