మన బాటలు – వాటి పన్నులు

"రహదారి" అను మాటను నేడు మనము పెద్దబాట యను అర్థమున వాడుచున్నాము. పెద్దలారా, ఆ మాట తెలుగు కాదు, సంస్కృతమును కాదు. పారసీకభాషలో "రాహ్" అనగా త్రోవ. త్రోవను కాచువాడు "రాహ్‌దారు". అతడు బాటసారులయొద్దను, సరుకుబండ్లయొద్దను పుచ్చుకొను సుంకమునకు "రాహ్‌దారీ" యని పేరు. శ్రీకాకుళము ఫౌజుదారులకు ముఖ్యస్థానమై, ఒక సర్కారుకు తన పేరునే యిచ్చిన దినములలో ఈ మాటకు సుంకమనియే అర్థము. కాలక్రమమున సుంకము పేరు త్రోవకు సంక్రమించినది. శబ్దముల అర్థము మారుటకు ఇంతకంటె మంచి యుదాహరణము నాకు దొరకలేదు. పిల్లలకు వ్యాకరణము చెప్పుకాలమున దీనిని పలుమారు వాడుకొంటిని.

బాటకును పన్నుకును గల ఈ చుట్టరికము తురకల యేలుబడిలో పుట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున "వర్తని" యను పన్ను కలదు. సరిహద్దులను కాచు అంతపాలుడు సరుకు మోయు బండికి ఒకటింబావు పణమును, గుఱ్ఱము గాడిద వంటి ఒంటిగిట్ట జంతువునకు ఒక పణమును, పశువునకు అరపణమును, మేక గొఱ్ఱె వంటి చిన్నజీవమునకు పావుపణమును, భుజముపై మూట మోయువానియొద్ద ఒక మాషకమును పుచ్చుకొనవలెను. అంతటితో ఆ శాస్త్రకారుడు ఊరకుండలేదు. దారిలో సరుకు పోయినను, దొంగలు హరించినను ఆ నష్టమును అంతపాలుడే పూడ్చవలెనని విధించెను. ఈ కడపటి నిబంధనను తాము మనస్సున నుంచుకొనవలెనని నా ప్రార్థన. త్రోవపేర సొమ్ము పుచ్చుకొన్నవాడు త్రోవకు పూచీదారు. తరువాతి కాలపు చట్టములలో ఈ పూచీ యెంతవఱకు నిలిచెనో, ఎక్కడ జారెనో చూతము.

ఆంగ్లేయుల కుంపిణీ ప్రభుత్వము 1844వ సంవత్సరపు 6వ చట్టముచే చెన్నపట్టణపు రాజధానిలోని లోనాటి సుంకములను ఎత్తివేసెను. సరుకునకు అడ్డు తొలగెను. కాని సరుకు కదలుటకు బాట యెక్కడ? 1802లో జరిగిన శాశ్వత పరిష్కారముచే విజయనగరము, బొబ్బిలి మొదలగు జమీల పేష్కషు స్థిరపడెనేగాని, అందు బాటలకని వేరుగా తీసిన భాగము లేదు. కొండమీది జయపురము, బస్తరు ప్రాంతములకు ఉప్పును లంబాడీలు ఎద్దులపై నెత్తి తీసికొనిపోవుచుండిరి. క్రింది సరుకు భీమునిపట్టణము రేవునకు బండ్లమీద దిగుచుండెను. వర్షాకాలమున గెడ్డ పొంగినచో బండి ఏ యొడ్డున నున్నదో ఆ యొడ్డుననే యుండవలెను. నాగావళి, వంశధార, చంపావతి, వేగవతి, సువర్ణముఖి: ఇన్ని నీళ్లు అడ్డముగా పాఱు దేశమున బాటయనగా సగము వంతెనలే. మన ప్రాంతపు బాటకు సొమ్మెక్కువ పట్టుటకు కారణమిదియే.

1866లో ఓఢ్రదేశమున గొప్ప కఱవు వచ్చెను. సుమారు పదిలక్షలమంది మరణించిరని లెక్క. నాడు గంజాము జిల్లాలో చేరియుండిన మన శ్రీకాకుళ ప్రాంతమును ఆ బాధ పడినదే. అన్యప్రాంతములందు బియ్యము లేక కాదు. వానలు పట్టగానే భూమార్గములు బురదలో మునిగెను, సముద్రము పోటెక్కి రేవులు మూతపడెను, కొనుటకు సొమ్మున్నను ధాన్యము చేరుటకు దారిలేకపోయెను. బాట లేమి ప్రాణములు తీయునని లోకమునకు అంత స్పష్టముగా తెలిసిన సంవత్సరము మఱొకటి లేదు.

ఆ సంవత్సరముననే చెన్నపురి శాసనసభవారు జిల్లా రోడ్డుసెస్సు చట్టమును, అనగా 1866వ సంవత్సరపు 3వ చట్టమును చేసిరి. సాగుభూమి కౌలువిలువపై రూపాయికి అరణాకు మించకుండ సెస్సు వేసి, ఆ సొమ్ముతో ఆ జిల్లాలోనే బాటలు వేయుట, వేసినవి బాగుచేయుట దీని యుద్దేశము. 10 రూపాయల కౌలుగల భూమికి 5 అణాలు. పన్ను చిన్నదే కావచ్చును. కాని దీని పేరులోనే దీని పని యున్నది. కరణము లెక్కలో "రోడ్డుసెస్సు" అని వ్రాసినచో, ఆ యక్షరములే రైతునకు చేసిన వాగ్దానము.

ఆ వాగ్దానము అయిదేండ్లే నిలిచెను. 1871వ సంవత్సరపు 4వ చట్టము లోకలు ఫండు చట్టము. దీనిచే పాత రోడ్డుసెస్సు పోయి, రూపాయికి ఒక అణావఱకు భూమిసెస్సు వచ్చెను. పూర్వము 5 అణాలిచ్చిన రైతు ఇప్పుడు 10 అణాలవఱకు ఈయవలసివచ్చెను. సొమ్ము రెట్టింపైనది, పేరులోనుండి రోడ్డు జారిపోయినది. ఆ నిధినుండియే బాటలతోపాటు బడులు, ఆసుపత్రులు, సత్రములు, పారిశుద్ధ్యము నడువవలెను. పెద్దభాగము రోడ్లకే పోవుచుండెననుట నిజమే. ఐనను ఒక్క చెఱువునకు నాలుగు తూములు పెట్టిన తరువాత ఏ పొలమునకెంత నీరుపాఱెనో చెప్పుట కష్టము. ఈ మాట ఆక్షేపించువాడు బడిపంతులని తాము నవ్వవచ్చును. లోకలు ఫండు బడులే లేకున్న మన పల్లెలలో అక్షరమెక్కడిది? బడికి సొమ్మీయవలదని నా వాదము కాదు. బడిసొమ్ము బడిపేరను, బాటసొమ్ము బాటపేరను తీసికొన్నచో ఇచ్చువాడు అడుగగలడు.

జమీందారీ గ్రామములలో మఱియొక చిక్కు కలదు. సెస్సును ముందు జమీందారు సర్కారునకు చెల్లించి, అందు సగమును రైతులనుండి రాబట్టుకొనవచ్చును. పేష్కషు శాశ్వతముగా నిర్ణయమైన పిదప క్రొత్త పన్ను వేయుట మాటతప్పుట యగునని వంగదేశపు జమీందారులు గొప్ప వివాదము లేవదీసిరి. పేష్కషు వేఱు, స్థానికపు పనులకు స్థానికపు పన్ను వేఱని సీమ మంత్రులు తేల్చిరి. అక్కడను 1871లోనే రోడ్డుసెస్సు చట్టము వచ్చెను. ధర్మము చెప్పిన పక్షమున సీమమంత్రుల మాటయే సరియైనదని నేను తలంతును. బాట వేసిన భూమివిలువ పెరుగును, పెరిగినవానియొద్ద పుచ్చుకొనుట న్యాయము. కాని పార్వతీపురము ప్రక్క కొండక్రింది పల్లెలోని రైతు సగము సెస్సు చెల్లించుచు, తన జీవితములో కంకర రోడ్డు కంటబడక గతించినచో, అతనికి ఏ భూమివిలువ పెరిగెను?

1876లో నాగావళి వరద శ్రీకాకుళమును ముంచి, చెన్నపట్టణమునుండి కలకత్తా పోవు పెద్దబాట వంతెన కమానులు కొన్నింటిని కొట్టుకొనిపోయెను. ఇట్టి దెబ్బకు అణాల సెస్సు చాలునా? చాలదు. వంతెన లేనిచోట్ల నదిని బల్లకట్టుపై దాటవలెను. 1890లో కాలువలకును బల్లకట్టులకును సంబంధించిన చట్టమొకటి వచ్చి, రేవుల పాటలకు ఒక పద్ధతి యేర్పడెను. లార్డు రిప్పను కాలపు సంస్కరణల ఫలముగా 1884వ సంవత్సరపు 5వ చట్టము జిల్లాబోర్డులను, తాలూకాబోర్డులను, యూనియన్లను నెలకొల్పెను. బోర్డులకు సెస్సుతోపాటు టోలుగేట్ల రాబడియు ఉండెను. 1920లో వచ్చిన చట్టము ఈ బోర్డులలో ప్రజలు ఎన్నుకొన్నవారికి అధికారము పెంచెను. శ్రీకాకుళపు రైతు సెస్సు మాత్రము, 1936 ఏప్రిలు 1వ తేదీన ఓఢ్రరాష్ట్రము విడిపోవువఱకును, ఛత్రపురము ముఖ్యస్థానముగా గల గంజాము జిల్లా లెక్కలోనే చేరుచుండెను.

టోలుగేటు సంగతి కొంచెము విస్తరించి చెప్పవలెను. గేటును ఏటేట వేలమువేయుదురు. పాటపాడిన గుత్తదారు బోర్డునకు మొత్తము కట్టి, బండికింత, పశువునకింత అని వసూలు చేసికొనును. అతనికి బాట బాగోగులతో పని లేదు. గోతిలో ఇరుసు విఱిగిన బండివాడును గేటుసొమ్ము చెల్లింపవలసినదే. మా తాతగారు చెప్పుచుండెడివారు: సంతకు పోవు బండ్లు గేటు కనబడకమునుపే పొలములలోనికి దిగి, గట్లు తెగద్రొక్కి, అవతల బాట నెక్కుచుండెడివట. గేటువాడు లాంతరు పట్టుకొని గట్లవెంట వెదకుచుండెడివాడట. ఎవరి పొలమో పాడగును, బండివానికి పైకము మిగులును, గుత్తదారు మఱునాడు రెట్టింపు తిట్టును. కౌటిల్యుని అంతపాలునికిని ఈ గుత్తదారునికిని గల భేదమిదియే: ఇతడు పుచ్చుకొనును, పూచీపడడు.

ఇట్టి కష్టము మనకొక్కరికే కలిగినది కాదు. సీమదేశములో వేల్సు ప్రాంతపు రైతులు 1839 మొదలు 1843 వఱకు రాత్రులయందు స్త్రీవేషములు ధరించి టోలుగేట్లను పగులగొట్టిరి. చరిత్రలో అది రెబెక్కా అల్లరులని ప్రసిద్ధము. మనవారు గేటు పగులగొట్టలేదు, గట్టు త్రొక్కిరి.

మోటారుబండి వచ్చిన పిమ్మట పాత లెక్క తాఱుమాఱైనది. బస్సువాడు ప్రతి గేటుకడను ఆగి సొమ్ము కట్టవలసివచ్చెను. కంకరబాటలు ఆ చక్రముల వేగమునకు లేచిపోయెను. 1927లో భారతప్రభుత్వమువారు జయకరుగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. ఆ సంఘపు సలహాను పట్టి 1929లో పెట్రోలు గాలనుకు 4 అణాలుగా నుండిన సుంకమును 6 అణాలు చేసి, పెంచిన 2 అణాలను రోడ్లకని కేంద్ర రోడ్డునిధిగా కట్టిరి. 1866 తరువాత రోడ్డు పేరు మరల పన్నుమీదికి వచ్చుట ఇప్పుడే. ఐతే ఆ నిధిని రాష్ట్రములకు పంచునపుడు ఏ రాష్ట్రమున ఎంత పెట్రోలు ఖర్చగునో ఆ లెక్కను చూచిరి. పట్టణములు మోటార్లు గల సీమకు ఎక్కువ, ఎడ్లబండ్ల సీమకు తక్కువ. బాట లేనిచోట మోటారు తిరుగదు, మోటారు తిరుగనిచోటికి సొమ్ము రాదు.

చెన్నపురి శాసనసభ 1931లో మోటారువాహనముల పన్ను చట్టమును చేసెను. అది ఆ సంవత్సరపు 3వ చట్టము. దీనిచే టోలుగేట్లు లేచిపోయి, మోటార్లపై రాష్ట్రప్రభుత్వమే ఒక్క పన్ను తీసికొని, గేట్లు పోయినందులకు బోర్డులకు పరిహారమిచ్చుట యేర్పడెను. బండివానికి ఇది పండుగ. బోర్డునకు మాత్రము తన గేటురాబడి పోయి, చెన్నపట్టణమునుండి వచ్చు పరిహారముకొఱకు ఎదురుచూచుట వచ్చెను. 1934లో తాలూకాబోర్డులు రద్దైనవి. సొమ్మును గూర్చి అడుగదలచిన పల్లెవానికి అడుగవలసిన గుమ్మము అంతకంతకు దూరమైనది.

నిధి పేరు రోడ్డుదైనంతమాత్రమున భద్రమని యనుకొనరాదు. సీమలో 1920లో స్థాపించిన రోడ్డునిధినుండి 1926, 1927 సంవత్సరములలో నాటి కోశమంత్రి చర్చిలు దొర సొమ్ము తీసి సామాన్యఖర్చులలో కలిపెను.

స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరమున, 1947 ఏప్రిలు 1వ తేదీనుండి, జాతీయ రాజమార్గముల ఖర్చును కేంద్రము వహించెను. 1956లో వాటికి చట్టము వచ్చెను. మన పెద్దబాట 5వ నంబరు జాతీయ రహదారియై, 2010లో జరిగిన అంకెల మార్పుతో 16వ నంబరైనది. జిల్లాబోర్డుల స్థానమున 1959లో జిల్లాపరిషత్తులు వచ్చినవి. 2000వ సంవత్సరమున కేంద్ర రోడ్డునిధి చట్టము పుట్టెను. పెట్రోలు, డీసెలులపై సెస్సు. డీసెలు సెస్సులో సగము గ్రామీణపు రోడ్లకని చట్టములోనే వ్రాసిరి. ఇది నిజముగా గొప్ప మాట. పొలము దున్ను ట్రాక్టరు డీసెలు త్రాగును, అందు సగము సెస్సు పల్లెబాటకు తిరిగిరావలెను. ఆ సంవత్సరమే డిసెంబరు 25వ తేదీన ప్రధానమంత్రి గ్రామసడకు యోజన ఆరంభమైనది. 2018లో ఆ నిధికి రోడ్లు మఱియు మౌలికవసతుల నిధియని పేరు పెట్టి, విద్యాలయములు, వైద్యాలయములు మొదలగువానిని అందు చేర్చిరి. 1866 తరువాత 1871 వచ్చినట్లే, 2000 తరువాత 2018 వచ్చెను. మన రాష్ట్రమున 2020 సెప్టెంబరులో లీటరుకు ఒక రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సును వేసి, ఆ సొమ్మును 1998 నాటి చట్టముచే ఏర్పడిన రోడ్ల అభివృద్ధి సంస్థకు నిర్దేశించిరి. 1931లో పోయిన గేట్లును తిరిగివచ్చినవి: పెద్దబాటపై నాతవలసయొద్ద ఒకటి, మడపాముయొద్ద ఒకటి. ఇప్పుడు గట్టు త్రొక్కుటకు వీలులేదు. 2021 ఫిబ్రవరి మొదలుకొని అద్దమునకంటించిన చీటీ చూచి యంత్రమే సొమ్ము తీసికొనుచున్నది.

ఇంతకును కొండమీద నున్నవారి సంగతి యేమి? సాలూరు, సీతంపేట కొండగూడెములలో ప్రసవవేదన పడు స్త్రీని డోలీ కట్టి బాట దొరకువఱకు మోసికొనివచ్చు వార్తలు పత్రికలలో ఎన్నిమారులు చూచితిమి! గ్రామసడకు యోజనలో మైదానమున 500 మంది, కొండప్రాంతమున 250 మంది గల నివాసమునకు బాట యని మొదట నియమము. కొండగూడెములు అనేకము అంతకు చిన్నవి. 2023 నవంబరు 15న ఆరంభమైన జన్‌మన్ పథకమున, కొండసవరలవంటి మిక్కిలి వెనుకబడిన తెగల విషయమున ఆ సంఖ్యను 100కు దించిరి. ఏ గూడెమునకెంత జనమని వ్రాసిరో ఆ పట్టికపైననే ఇప్పుడు బాట ఆధారపడియున్నది. సడకు యోజన నియమముల ప్రకారము ఏ నివాసమునకు ఏ బాట యని చూపు జిల్లాప్రణాళిక మండలపరిషత్తు, జిల్లాపరిషత్తుల ముందునకు రావలెను. 2022 ఏప్రిలు 4వ తేదీన పార్వతీపురము మన్యము జిల్లా విడివడినది గనుక, కొండప్రక్క గ్రామముల పెద్దలు తమ గూడెముల పేర్లు పాతజిల్లా పట్టికనుండి క్రొత్తదానిలోనికి జనసంఖ్యతోకూడ సరిగా ఎక్కెనో లేదో మండలకచేరిలో చూచుకొనవలెను.