సవర గోడబొమ్మ – కన్ను చూసే తీరు

1915లో డెన్మార్క్‌కు చెందిన ఎడ్గార్ రూబిన్, బొమ్మనూ దాని వెనక ఉన్న నేలనూ మన కన్ను ఎలా విడదీస్తుందో వివరించారు. 1923లో జర్మనీలో మాక్స్ వెర్థైమర్ చుక్కలతో ఇంకో సంగతి చూపించారు: దగ్గరగా ఉన్నవాటిని, ఒకే పోలికవాటిని కన్ను ఒక గుంపుగా చూస్తుంది. పోస్టర్లు, లోగోలు తయారుచేసేవారు నేటికీ మొదట నేర్చుకునేది ఇదే.

ఇక మన సవర గోడబొమ్మ చూడండి. ఒడిశా వైపు దీన్ని ఇడిటాల్ అంటారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద వరిపిండి నీళ్లలో ముంచిన వెదురు పుల్లతో గీస్తారు. ఎరుపు మీద తెలుపు కాబట్టి చీకటి ఇంట్లోనూ బొమ్మ తేలి కనిపిస్తుంది. చేతులు పట్టుకుని ఆడేవారంతా ఒకే పోలికలో, దగ్గర దగ్గరగా ఉంటారు. అందుకే మనం పదిమంది మనుషుల్ని కాదు, ఒక ధింసా వరుసను చూస్తాం. మనవాళ్లు వెర్థైమర్‌ను చదవలేదు, ఆయనా మన గోడ చూడలేదు.

అన్నిటికంటే ముందు గీసేది చుట్టూ ఉండే చట్రం. వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన తన సవర గ్రంథంలో ఈ బొమ్మల గురించి వివరంగా రాశారు. చనిపోయిన పెద్దల కోసం, జబ్బు తగ్గాలని, పంట పండాలని వీటిని వేసేవారు. ఆ చట్రం వచ్చే ఆత్మకు ఇల్లు.

ఇప్పుడు బ్యానర్లలో చట్రం తీసేసి ఒక ఏనుగునో, ఒక చెట్టునో అంటిస్తున్నారు. మాకది నచ్చదు. ఈసారి మా హాస్టల్ గోడకు ముందు చట్రమే గీయించాం. లోపల ఏమేమి ఉండాలో ఊళ్లో తాతలను, అవ్వలను అడిగి రమ్మని పిల్లలకు చెప్పాం.