సెకండ్‌హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎక్స్1 డీజిల్: మన్నిక ఎంత? తరచూ వచ్చే లోపాలేవి?

విలాస కార్ల సంస్థలు భారత్‌లో చిన్న క్రాసోవర్ల విభాగంలోకి అడుగుపెట్టి పదిహేనేళ్లు దాటింది. 2010 డిసెంబరులో బీఎండబ్ల్యూ ఎక్స్1 రాగా, 2012లో ఆడి క్యూ3, 2014లో మెర్సిడెస్ బెంజ్ జీఎల్‌ఏ దాన్ని అనుసరించాయి. వీటిలో ఎక్కువగా అమ్ముడైనవి డీజిల్ కార్లే. తొలినాళ్ల ఎక్స్1లు ఇప్పుడు కొత్త చిన్న హ్యాచ్‌బ్యాక్ ధరకు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువకు కూడా సెకండ్‌హ్యాండ్ విపణిలో దొరుకుతున్నాయి. కారు ధర ఇంతగా పడిపోయినా దాని విడిభాగాల ధర, మరమ్మతు కూలీ పడిపోలేదు. ఒక్క ఇంజిన్ మరమ్మతు కారు కొన్న ధరలో సగాన్ని మింగేసే అవకాశం ఉన్నందున, ఈ కారును ఎంచుకునేవారు తయారీ సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లకన్నా ముందుగా చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి.

మొదటి తరం ఎక్స్1ను సంస్థ లోపల ఈ84 అనే సంకేతనామంతో పిలిచేవారు. జర్మనీలోని లైప్‌జిగ్ కర్మాగారంలో 2009లో దీని ఉత్పత్తి మొదలైంది. భారత విపణికి చెన్నై సమీపంలోని ప్లాంటులో విడిభాగాలను జోడించి తయారు చేశారు. పేరుకు క్రాసోవర్ అయినా దీని పునాది ఆనాటి 3 సిరీస్ కారుదే. అందుకే ఇంజిన్ నిలువుగా అమరి ఉంటుంది, శక్తి వెనుక చక్రాలకు వెళుతుంది. ఇక్కడ అమ్ముడైన డీజిల్ రకంలో ఎన్47 శ్రేణికి చెందిన 1995 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఉంది. తొలుత 177 హార్స్‌పవర్, 6 గేర్ల ఆటోమేటిక్‌తో వచ్చింది. 2013లో చేసిన మార్పులతో 184 హార్స్‌పవర్, 8 గేర్ల ఆటోమేటిక్ జతయ్యాయి. నడిపేవారికి నచ్చే కారు ఇది. రహదారిపై మైలేజీ బాగుంటుంది, వేగంలో స్థిరంగా ఉంటుంది. చిక్కంతా ఇంజిన్ వెనుక భాగంలో ఉంది.

వెనుకనున్న గొలుసు

ఇంజిన్ లోపల పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదలాలి. వాటిని అనుసంధానించేదే టైమింగ్ చైన్. చాలా ఇంజిన్లలో ఇది ముందువైపు ఉంటుంది. 2007లో వచ్చిన ఎన్47 ఇంజిన్‌లో దీన్ని వెనుక, అంటే గేర్‌బాక్స్ వైపు అమర్చారు. దాంతో చైన్ దగ్గరకు చేరాలంటే గేర్‌బాక్స్‌ను దించాలి, చాలా సందర్భాల్లో ఇంజిన్‌నే బయటకు తీయాలి. చైన్, దానికి దారి చూపే ప్లాస్టిక్ గైడ్లు, టెన్షనర్ కలిపి చూస్తే వస్తువుల ఖర్చుకన్నా విప్పి బిగించే కూలీయే భారమవుతుంది.

ఈ అమరికలో గొలుసు ఒక్కటే ఉండదు. కింది చైన్ క్రాంక్‌షాఫ్ట్ నుంచి అధిక పీడన ఇంధన పంపును తిప్పుతుంది. పై చైన్ అక్కడి నుంచి క్యామ్‌షాఫ్ట్‌లకు వెళుతుంది. ఆయిల్ పంపుకు మరొకటి. అరుగుదల మొదలైతే చైన్ వదులై ప్లాస్టిక్ గైడ్లను రాస్తూ పోతుంది. గైడ్ విరిగితే ముక్కలు ఆయిల్ సంప్‌లోకి జారతాయి. చైన్ తెగినా, పళ్లు దాటినా వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. అప్పుడు మిగిలేది ఇంజిన్ మార్చడమో, పూర్తిగా విప్పి కట్టడమో. బ్రిటన్‌లో ఈ లోపంపై ఎన్47 ఇంజిన్ కార్ల యజమానుల నుంచి ఏళ్ల తరబడి ఫిర్యాదులు వచ్చాయి. ఆ తరువాత విడిభాగాల్లో మార్పులు చేశారు. 2011 ప్రాంతానికి ముందు తయారైన ఇంజిన్లలో ముప్పు ఎక్కువన్నది మెకానిక్‌ల సాధారణ అభిప్రాయం. అంతమాత్రాన ఆ తరువాతివి పూర్తిగా నిర్భయమని కాదు.

చైన్ ఆయుష్షును నిర్ణయించే అంశాల్లో కొనేవారు పరిశీలించగలిగేది ఇంజిన్ ఆయిల్ చరిత్రే. టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ఒత్తిడితో. పాతబడి పలచనైన ఆయిల్, మసి కలిసి చిక్కబడ్డ ఆయిల్ రెండూ చైన్‌కు హానికరమే. ఐరోపాలో ఈ కార్లకు 25 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల వరకు ఆయిల్ మార్చనవసరం లేదన్న విధానం ఉండేది. కారులోని కంప్యూటరే గడువు చెబుతుంది. హైదరాబాద్, బెంగళూరు, ముంబయి ట్రాఫిక్‌లో గంటల తరబడి ఆగి కదిలే కారుకు ఆ గడువు సరిపోదు. మీటరుపై కిలోమీటర్లు తక్కువే కనిపిస్తున్నా ఇంజిన్ తిరిగిన గంటలు ఎక్కువ. ఏడాదికోసారి లేదా 10 వేల కిలోమీటర్లకోసారి, లాంగ్‌లైఫ్-04 ప్రమాణానికి సరిపోయే ఆయిల్ మార్చినట్లు బిల్లులు ఉన్న లక్ష కిలోమీటర్ల కారు, ఎలాంటి కాగితం లేని 50 వేల కిలోమీటర్ల కారుకన్నా మేలు. అమ్మేవారు కిలోమీటర్లు తక్కువని చెప్పి ధర పెంచడం విపణిలో మామూలే. ఈ ఇంజిన్ విషయంలో మాత్రం ఆ లెక్క తిరగబడుతుంది.

పరీక్షించే పద్ధతి కష్టమైనదేమీ కాదు. కారును రాత్రంతా నిలిపి ఉంచిన తరువాత, ఉదయం తొలిసారి స్టార్ట్ చేసేటప్పుడు కొనేవారు దగ్గర ఉండాలి. వెళ్లేసరికే బోనెట్ వెచ్చగా ఉంటే మరో రోజు రావడం మంచిది. స్టార్ట్ అయిన తొలి క్షణాల్లోనూ, తరువాత 1,500–2,000 ఆర్‌పీఎం మధ్య నెమ్మదిగా పెంచినప్పుడూ ఇంజిన్ వెనుక నుంచి, అంటే డ్యాష్‌బోర్డు గోడ వైపు నుంచి గొలుసు లోహాన్ని రాస్తున్నట్లు గరగర శబ్దం వస్తే ఆగిపోవాలి. డీజిల్ ఇంజిన్ సహజంగా చేసే టకటక శబ్దానికి, దీనికి తేడా ఉంటుంది. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లడం అవసరమయ్యేది ఇక్కడే. అనుమానం తీరకపోతే, అమ్మేవారి అనుమతితో సంప్ విప్పి ప్లాస్టిక్ ముక్కలున్నాయేమో చూడవచ్చు. దీనికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం కొనసాగించడం తెలివైన పని కాదు.

ఈజీఆర్ కూలర్, దాని రీకాల్

రెండో పెద్ద అంశం ఈజీఆర్ కూలర్. కాలుష్యం తగ్గించేందుకు పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపుతారు. అలా పంపేముందు దాన్ని చల్లబరిచేది ఈ కూలర్. దాని లోపల కూలెంట్ కారితే అది మసితో కలిసి పేరుకుంటుంది, అధిక వేడికి రాజుకుంటుంది, ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు నిప్పు పాకే ప్రమాదం ఉంది. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరుసగా తగలబడటంతో సంస్థ అక్కడ లక్షకు పైగా కార్లను వెనక్కి పిలిపించింది. తనిఖీ చేయించని కార్లు రోడ్డెక్కరాదని ఆ దేశ ప్రభుత్వం ఆగస్టులో ఆంక్షలు కూడా విధించింది. అదే ఏడాది అక్టోబరులో ఈ రీకాల్‌ను ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లకు విస్తరించారు.

ఫలానా కారు ఏదైనా రీకాల్ పరిధిలో ఉందా, ఉంటే పని పూర్తయిందా అన్నది ఛాసిస్ నంబరు ఇస్తే అధీకృత సర్వీస్ కేంద్రం చెబుతుంది. బయట ఎక్కడా చుక్క కారకపోయినా కూలెంట్ మట్టం తరచూ తగ్గుతుండటం, పొగ తెల్లగా రావడం ఈ లోపానికి సూచనలు. ‘కూలెంట్ అప్పుడప్పుడు పోస్తే చాలు’ అన్న సలహాను ఈ కారు విషయంలో అసలు నమ్మరాదు.

చిన్నవిగా కనిపించే ఖర్చులు

థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోవడం ఎన్47లో సాధారణం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, మైలేజీ తగ్గుతుంది. డీపీఎఫ్ ఉన్న కార్లలో పేరుకున్న మసిని కాల్చివేసే ప్రక్రియ కూడా అసంపూర్తిగా మిగులుతుంది. రోజూ ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కుటుంబానికి డీజిల్ కారు తగదనడానికి ఇదే కారణం. మూసుకుపోయిన ఫిల్టర్‌ను తీసేసి ఖాళీ గొట్టం పెట్టే షెడ్లు ఉన్నాయి. వాహనాన్ని అలా మార్చడం చట్టవిరుద్ధం.

క్రాంక్ పుల్లీలో రబ్బరు పొర విడిపోవడం మరొక పాత జబ్బు. పుల్లీ ఊగుతూ తిరిగితే బెల్టు జారిపోతుంది, దాంతో ఆల్టర్నేటర్ ఆగుతుంది. ముందుగా గమనిస్తే చిన్న ఖర్చుతో పోతుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం సరిపోతుందని అమ్మకందారులు చెబుతుంటారు. 8 గేర్ల పెట్టెను తయారు చేసిన జడ్‌ఎఫ్ సంస్థే 80 వేల నుంచి 1.20 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చాలని సూచిస్తోంది. మారిస్తే ఫిల్టర్‌తో కలిసి ఉండే ప్లాస్టిక్ పాన్‌ను కూడా మార్చవలసి వస్తుంది. గేర్లు మారేటప్పుడు కుదుపు, బయల్దేరేటప్పుడు తడబాటు ఉంటే ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగవచ్చు.

ఈ కార్లకు కంపెనీ ఇచ్చినవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా కొంతదూరం వెళ్లగలవు కనుక స్టెప్నీ ఇవ్వలేదు. పక్కగోడ గట్టిగా ఉండటంతో గతుకుల రోడ్డుపై కుదుపు ఎక్కువ. గుంతలో పడితే పక్కన బుడిపె వచ్చి టైరు మార్చక తప్పదు. పాత యజమాని సాధారణ టైర్లు వేయించి ఉంటే, స్టెప్నీ ఎక్కడ పెట్టాడో అడగాలి. బ్యాటరీ మార్చినప్పుడు ఆ సంగతిని కారు కంప్యూటర్‌లో నమోదు చేయించాలి. లేకుంటే కొత్త బ్యాటరీ త్వరగా పాడవుతుంది. పెద్ద సన్‌రూఫ్ ఉన్న కార్లలో నీరు బయటకు పోయే సన్నని గొట్టాలు ఆకులు, దుమ్ముతో మూసుకుంటే నీరు క్యాబిన్‌లోకి దిగుతుంది. కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడటం ఒక్క నిమిషం పని.

రెండో తరం, పోటీ కార్లు

2016 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో విడుదలైన రెండో తరం ఎక్స్1 పూర్తిగా వేరే కారు. ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలు నడుపుతాయి, వెనుక సీటులో చోటు ఎక్కువ. 190 హార్స్‌పవర్ ఇచ్చే బీ47 ఇంజిన్‌లోనూ చైన్ గేర్‌బాక్స్ వైపే ఉంది. ఫిర్యాదులు మాత్రం పాతదానికన్నా తక్కువ. ఈజీఆర్ రీకాల్‌లో ఈ ఇంజిన్ కార్లూ కొన్ని ఉన్నాయి. బడ్జెట్ అనుమతిస్తే రెండింటిలో ఇదే మెరుగైన ఎంపిక.

ఆడి క్యూ3 డీజిల్‌లో చైన్‌కు బదులు టైమింగ్ బెల్టు ఉంటుంది. గడువుకు మార్చాలన్న నియమం ఉన్నందున ఖర్చు ముందే తెలుస్తుంది, అది ఒక విధంగా నయం. ఉద్గారాల వివాదంలో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు 2015 డిసెంబరులో భారత్‌లో 3.23 లక్షలకు పైగా కార్లకు రీకాల్ ప్రకటించింది. ఈఏ189 ఇంజిన్ ఉన్న ఆడి కార్లూ అందులో ఉన్నాయి. కనుక పాత క్యూ3 కొనేవారు ఆ సాఫ్ట్‌వేర్ మార్పు జరిగిందో లేదో అడగాలి.

ఢిల్లీ నుంచి వచ్చే కారు

ఉత్తరాదిలో రిజిస్టరైన పాత డీజిల్ కార్లు దక్షిణాదికి చవకగా రావడం వెనుక కారణం ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు దేశ రాజధాని ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించగా, సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో దాన్ని సమర్థించింది. 2025 జులై 1 నుంచి ఢిల్లీలో అలాంటి వాహనాలకు ఇంధనం పోయరాదన్న నిర్ణయం వ్యతిరేకత రావడంతో కొద్దిరోజుల్లోనే వాయిదా పడింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు యజమానులపై వయసు కారణంగా కఠిన చర్యలు వద్దంటూ ఉపశమనం ఇచ్చింది. డిసెంబరులో ఆ ఉపశమనాన్ని బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. తొలినాళ్ల కారు ఏ ప్రమాణానికి చెందినదో ఆర్సీలో చూసుకోవాలి.

ఢిల్లీ, హరియాణా కారు కొని తెలంగాణకో, ఆంధ్రప్రదేశ్‌కో తెచ్చేవారు అసలు ధరకు మరికొన్ని ఖర్చులు కలుపుకోవాలి. పాత ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం, బ్యాంకు రుణం తీరినట్లు ఫారం 35, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 కావాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అప్పుడు కారు వయసును బట్టి ఇక్కడి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఢిల్లీలో కట్టిన పన్ను వాపసు కోసం తిరగడం వేరే పని. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు కనుక 2011 నాటి కారు కొన్న కొద్దికాలానికే ఫిట్‌నెస్ పరీక్షకు, పునరుద్ధరణకు వెళ్లాలి.

మీటరు తిప్పిన కార్లను గుర్తించడానికి ఎక్స్1లో ఒక సౌకర్యం ఉంది. కిలోమీటర్ల సమాచారం మీటరులోనే కాక తాళంచెవిలో, ఇతర కంప్యూటర్ యూనిట్లలో కూడా నమోదవుతుంది. అధీకృత సర్వీస్ కేంద్రంలో తాళంచెవి చదివిస్తే తేడా బయటపడుతుంది. రెండు తాళంచెవులూ అడిగి తీసుకోవాలి. ఒక్కటే ఉందంటే రెండోది ఏమైందో తెలుసుకోవాలి.

2015 డిసెంబరు చెన్నై వరదలు, 2020 అక్టోబరు హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వరద వంటి విపత్తుల్లో నీట మునిగిన కార్లు కొంతకాలానికి మెరుగులు దిద్దుకుని వేరే ఊళ్లలో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద మరక కనిపిస్తుంది. సీటు పట్టాల కింద తుప్పు, డిక్కీలో బ్యాటరీ ఉండే అరలో తెల్లటి ఉప్పుపొర, హెడ్‌లైట్ లోపల ఆవిరి కూడా అలాంటి గుర్తులే. బీమా సంస్థ నుంచి పాత క్లెయిముల వివరాలు అడిగే హక్కు కొనేవారికి నేరుగా ఉండదు కాబట్టి, యజమాని చేతే ఆ వివరాలు తెప్పించుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వాలి.