కీలు దొరికింది, కండ దొరకలేదు

వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి కనుక ‘సంధి’ అనగానే నాకు ముందుగా స్ఫురించేవి సవర్ణదీర్ఘమూ గుణమూను. రెండు అక్షరాలు కలిసేచోటు సంధి అయినట్టే రెండు ఎముకలు కలిసేచోటూ సంధే. తెలుగువాడు దాన్ని కీలు అన్నాడు. తలుపుకీ కీలే, మోకాలికీ కీలే, బొమ్మకీ కీలే. ఈ మాటల వెంటబడి సుశ్రుతసంహితలోని శారీరస్థానం తెరిచాను. మన శాస్త్రాల్లో సమస్తమూ ఉందనే మిత్రులకూ, ఏమీ లేదనే మిత్రులకూ అందులోని ఐదవ అధ్యాయం ఒక్కటే సమాధానం చెప్పగలదని నాకు తోచింది.

సుశ్రుతుడు సంధులు 210 అన్నాడు. వాటిని కదిలేవి, కదలనివి అని విడదీసి, ఆపైన ఎనిమిది రకాలు చేశాడు. ఆ పేర్లు చూడండి. మోచెయ్యి, మోకాలు, వేళ్ళ కణుపులు ‘కోర’ సంధులు, మడతబందు వంటివి. భుజమూ తుంటీ ‘ఉలూఖలం’, అనగా రోలు. తొడ ఎముక గుండ్రని తల తుంటిగుంటలో ఇమిడి అన్నివైపులా తిరిగే తీరు, రుబ్బురోటి ముందు కూర్చున్నవారికి వేరే వివరించనక్కరలేదు. దవడది ‘వాయసతుండం’, కాకిముక్కు. పుర్రె అతుకులు ‘తున్నసేవని’, కుట్టుపని. నేటి వైద్యులు కూడా ఆ అతుకులను కుట్టు అనే అర్థమున్న లాటిన్ మాటతోనే పిలుస్తున్నారు! ఎముకలు 300 అన్నాడు. చరకుడి లెక్క 360, నేటి లెక్క 206. పళ్ళనూ, మెత్తని తరుణాస్థులనూ కూడా ఎముకల్లో కలిపినవాడి లెక్క పెరగక ఏమవుతుంది? దాన్ని పట్టుకుని వెక్కిరించడం తగదు.

అయితే కండల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. పేశులు 500 అని లెక్కపెట్టాడు కాని, వాటి పని ఎముకలనూ సంధులనూ సిరలనూ కప్పి బలం చేకూర్చడం అన్నాడు. కండ ఎముకను లాగుతుందన్న మాట అక్కడ లేదు. కదలిక అంతా వ్యానవాయువు పని.

కారణం ఆయన పద్ధతిలోనే ఉందని నా ఊహ. శవాన్ని ముంజగడ్డి వంటివాటితో చుట్టి, పంజరంలో పెట్టి, ఏకాంతప్రదేశంలో పారే నీట ఉంచమన్నాడు. ఏడు రాత్రుల తరువాత పైకి తీసి, వట్టివేళ్ళ కుంచెతోనో వెదురు కుంచెతోనో మెల్లగా గీకుతూ పొరపొరగా కళ్ళారా చూడమన్నాడు. శవాన్ని తాకితేనే మైల అనుకునే సమాజంలో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! కాని ఏడు రాత్రులు నానిన దేహంలో ఎముక నిలుస్తుంది, కీలు తేటపడుతుంది, చెడిపోయేది కండే.

రెండవ శతాబ్దంలో రోములో వైద్యం చేసిన గ్రీకువాడు గేలెన్ ఇందుకు విరుద్ధమైన దారి పట్టాడు. బతికున్న జంతువులను కోశాడు. చెప్పడానికి మనసొప్పదు కాని, నరం తెగితే కండ చచ్చుబడటం ఆయన కంటపడింది. సంకోచించడమే కండ పని అనీ, ఒకటి లాగితే దాని ఎదుటిది సడలాలనీ రాశాడు. మనిషి శవం కోసే వీలులేక కోతులతో సరిపెట్టుకోవడంవల్ల దొర్లిన పొరపాట్లు దిద్దడానికి 1543లో వెసేలియస్ గ్రంథం రావలసివచ్చింది. లాగే శక్తి ఎక్కడిదంటే మాత్రం గేలెన్ కూడా నరాల్లో పారే ఒక వాయువునే ఆశ్రయించాడు సుమా!

కండ లాగగలదు, నెట్టలేదు. అందుకే జంటలు. ముంజేతిని మడిచేది ద్విశిర కండరం, చాచేది త్రిశిర కండరం. కండ కొసన ఉన్న స్నాయుబంధనం ఎముకను పట్టుకుంటుంది. ఎముక తులాదండం, కీలు ఇరుసు. ఇటలీలో బొరెల్లి దీన్ని గణితంతో తేల్చాడు. ఆయన 1679లో కన్నుమూశాక, మరుసటి ఏట ఆ గ్రంథం అచ్చయింది. మోచేతి ఇరుసుకు కండ పట్టు సుమారు 2 అంగుళాల దూరం, అరచేతిలోని బరువు 14 అంగుళాల దూరం అనుకోండి. కిలో బరువు ఎత్తడానికి కండ ఏడు కిలోల బలంతో లాగాలి. నష్టబేరమే, కాని కండ ఒక్క అంగుళం ముడుచుకుంటే చెయ్యి ఏడంగుళాలు లేస్తుంది. బలం ఖర్చుపెట్టి వేగం కొనుక్కున్నాం.

ఆ వాయువు స్థానంలోకి అసలు పదార్థం రావడంలో మనవాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నాడు. కండ పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రమిస్తే తిరిగి చేరుతుంది. 1929లో వారే ఎ.టి.పి.ని వేరుచేశారు, అదే ఏట జర్మనీలో లోమన్ కూడా. అంతవరకూ కండ శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్నారు. ఆ సిద్ధాంతం కూలింది. 1954లో హక్స్‌లీ ఇంటిపేరుగల ఇద్దరు, బంధుత్వం లేనివారు, తమతమ సహచరులతో వేర్వేరుగా ఒకే సంగతి చెప్పారు: కండలోని సన్నని పోగులూ లావు పోగులూ తాము కురచకావు, ఒకదాని పక్కన ఒకటి జారతాయి.

పట్టుకున్న పోగు విడివడటానికి కూడా ఎ.టి.పి. కావాలి. ప్రాణం పోయిన కొన్ని గంటలకు అది అయిపోయి, పోగులు పట్టు వదలలేక, శవం కట్టెలా బిగుసుకుంటుంది. కండ కుళ్ళడం మొదలయ్యాక ఆ బిగువు సడలుతుంది. సుశ్రుతుడి శిష్యులు ఏడు రాత్రుల తరువాత నీటిలోంచి పైకి తీసిన దేహంలో ఆ బిగువైనా మిగిలి ఉండదు.