మారు తాళంచెవి (కారు)

కారుతో పాటు వచ్చిన అసలు తాళంచెవికి బదులుగా గానీ, దానికి అదనంగా గానీ చేయించుకునే తాళంచెవిని మారు తాళంచెవి అంటారు. 1990ల మధ్యకాలం వరకు ఇది చాలావరకు లోహాన్ని కోసి ఆకారం ఇచ్చే పని మాత్రమే. నేటి కార్లలో తాళంచెవి ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. దాని ఆకారం సరిపోయినంత మాత్రాన ఇంజను కదలదు. దానిలోని గుర్తింపు సంఖ్య ఆ కారు కంప్యూటరు జ్ఞాపకంలో నమోదై ఉండాలి. కాబట్టి మారు తాళంచెవి పొందడం అంటే ఒక వస్తువు కొనడమే కాక, ఆ వస్తువును ఆ ఒక్క కారుకు పరిచయం చేయడం కూడా.

పేర్లు

తాళంచెవిని తాళపుచెవి అని, రాయలసీమ వైపు బీగంచెవి అని కూడా వ్యవహరిస్తారు. రిమోట్ మీటలు కలిగిన కారు తాళంచెవిని ఇంగ్లీషులో కీ ఫాబ్ అంటారు. వాడుకలో రిమోట్ కీ, స్మార్ట్ కీ, డూప్లికేట్ కీ అనే మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. తెలుగులో మారు తాళం అనే మాట యజమాని దాచుకునే రెండవ తాళంచెవికీ, దొంగ చేయించుకునే తాళంచెవికీ ఒకేలా వర్తిస్తుంది. ఈ పని విషయంలో అసలు చిక్కు కూడా అదే. యజమానికి తాళంచెవి సులభంగా దొరకాలి, ఇతరులకు దొరకకూడదు. ఇందులోని నియమాలన్నీ ఈ రెండింటి మధ్య సమతూకం కోసం ఏర్పడినవే.

చరిత్ర

తాళంచెవిని తిప్పి ఇంజనును ప్రారంభించే పద్ధతిని అమెరికాకు చెందిన క్రిస్లర్ కంపెనీ 1949లో ప్రవేశపెట్టింది. అంతకు ముందు ఇంజనును ప్రారంభించడానికి వేరుగా ఒక మీటను నొక్కవలసి వచ్చేది. 1982లో ఫ్రాన్సుకు చెందిన రెనో కంపెనీ తన ఫ్యూగో అనే కారులో దూరం నుండి తలుపులు తెరిచే రిమోట్‌ను అందించింది.

దొంగతనాలను అరికట్టేందుకు జనరల్ మోటార్స్ సంస్థ 1986 నాటి షెవర్లే కార్వెట్ కారు తాళంచెవిలో ఒక చిన్న విద్యుత్ నిరోధకాన్ని అమర్చింది. నిరోధక విలువలు 15 రకాలు మాత్రమే ఉండేవి. తాళంచెవిలోని విలువ కారులో ఉన్న విలువతో సరిపోలకపోతే ఇంజను ప్రారంభమయ్యేది కాదు. ఆ తరువాత రేడియో తరంగాలతో గుర్తింపు సంఖ్యను తెలిపే ట్రాన్స్‌పాండర్ చిప్పులు వచ్చాయి. వీటి ఆధారంగా ఇంజనును అడ్డుకునే వ్యవస్థను ఇమ్మొబిలైజర్ అంటారు. కొత్త కార్లలో ఇది ఉండి తీరాలనే నిబంధన జర్మనీ, బ్రిటన్ దేశాలలో 1998లో, ఆస్ట్రేలియాలో 2001లో, కెనడాలో 2007లో అమలులోకి వచ్చింది. జేబులో నుండి తీయకుండానే కారును తెరిచి నడిపే తాళంచెవిని మెర్సిడెస్ బెంజ్ సంస్థ 1998లో తన ఎస్ శ్రేణి కార్లతో ప్రాచుర్యంలోకి తెచ్చింది.

భాగాలు, పనిచేయు విధానం

సాధారణమైన రిమోట్ తాళంచెవిలో మూడు వేర్వేరు భాగాలు ఉంటాయి. మూడూ ఒకే డొక్కులో ఇమిడి ఉండడం వలన ఒకటే అనిపిస్తుంది గానీ, వీటిలో ఏ ఒక్కటైనా విడిగా చెడిపోవచ్చు.

* లోహపు పలక: తలుపు తాళాన్ని, ఇంజను తాళాన్ని తిప్పే భాగం ఇది. కొన్నింటికి అంచున పళ్ళు ఉంటాయి. మరికొన్నింటికి పలక మధ్యలో వంకర గాడి ఉంటుంది. గాడి ఉన్నవాటిని కోయడానికి ప్రత్యేక యంత్రం కావాలి. జేబులో ఉంచుకునే స్మార్ట్ కీలలో కూడా అత్యవసర సమయంలో తలుపు తెరవడానికి చిన్న పలక ఒకటి దాగి ఉంటుంది.
* రిమోట్: మీట నొక్కినపుడు తలుపులకు రేడియో సంకేతం పంపుతుంది. భారతదేశంలోనూ, ఐరోపాలోనూ అమ్మే కార్లలో సాధారణంగా 433.92 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాన్ని వాడతారు. ఉత్తర అమెరికా, జపాన్ దేశాల కార్లలో 315 మెగాహెర్ట్జ్ ఎక్కువ. ఈ కారణంగా అమెరికాలో ఉన్న బంధువులు అక్కడ కొని పంపిన రిమోట్, చూడటానికి అచ్చం అలాగే ఉన్నా, ఇక్కడి కారుకు పనిచేయకపోవచ్చు.
* ట్రాన్స్‌పాండర్ చిప్పు: ఇంజనుకు అనుమతినిచ్చేది ఇదే. మామూలు తాళంచెవిలో దీనికి బ్యాటరీ అవసరం లేదు. ఇంజను తాళం చుట్టూ ఉండే తీగచుట్ట వెలువరించే అయస్కాంత క్షేత్రం నుండే దీనికి కావలసిన శక్తి లభిస్తుంది.

కారు ఒక యాదృచ్ఛిక సంఖ్యను చిప్పుకు పంపుతుంది. చిప్పు తనలోని రహస్య సంఖ్యతో దానిని గణించి జవాబు పంపుతుంది. కారు కూడా అదే లెక్క వేసుకొని, రెండు జవాబులు సరిపోలితేనే ఇంజనును అనుమతిస్తుంది. ప్రతిసారీ ప్రశ్న మారుతుంది కాబట్టి ఒకసారి విన్న జవాబును దాచుకొని మళ్ళీ వాడటం కుదరదు. రిమోట్ మీటలకు కూడా ఇటువంటి ఏర్పాటే ఉంది. మీట నొక్కిన ప్రతిసారీ సంకేతం మారిపోతుంది. దీనిని రోలింగ్ కోడ్ అంటారు.

ముందుగా పరిశీలించవలసినవి

రిమోట్ పనిచేయని ప్రతిసారీ కొత్త తాళంచెవి అవసరం ఉండదు. చాలా సందర్భాలలో లోపం బ్యాటరీదే అయి ఉంటుంది. వీటిలో వాడేవి నాణెం ఆకారంలోని 3 వోల్టుల లిథియం బ్యాటరీలు. వాటి పేరులోనే వాటి కొలత ఉంటుంది. సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం కలది. సీఆర్2025 మందం 2.5 మిల్లీమీటర్లు. సీఆర్1620 వ్యాసం 16, మందం 2 మిల్లీమీటర్లు. ఒకదానికి బదులు మరొకటి వేస్తే బిగుతు చాలక సరిగా తగలదు.

మామూలు తాళంచెవి బ్యాటరీ పూర్తిగా అయిపోయినా పలకతో తలుపు తెరిచి ఇంజనును నడపవచ్చు. చాలా స్మార్ట్ కీలను ఇంజను మీటకు ఆనించి గానీ, కారులో సూచించిన చోట ఉంచి గానీ ఇంజనును ప్రారంభించవచ్చు. ఆ చోటు ఎక్కడన్నది కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. డొక్కు మాత్రమే పగిలితే కొత్త డొక్కు కొని లోపలి భాగాలను అందులోకి మార్చుకోవచ్చు. అయితే చిప్పును పాత డొక్కులోనే మరచిపోతే కొత్త దానితో ఇంజను ప్రారంభం కాదు. కొన్ని రకాలలో ఈ చిప్పు బియ్యపు గింజకంటే కాస్త పెద్దదిగా, సర్క్యూట్ పలకకు దూరంగా విడిగా అతికించి ఉంటుంది. డొక్కు మార్చేటపుడు జరిగే పొరపాట్లలో ఇది తరచుగా జరిగేది.

పొందే పద్ధతి

భారతదేశంలో మారు తాళంచెవిని కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రం నుండి గానీ, కారు తాళాలు చేసే స్వతంత్ర నిపుణుల నుండి గానీ పొందవచ్చు.

సర్వీసు కేంద్రంలో యజమాని గుర్తింపు పత్రం, వాహన రిజిస్ట్రేషన్ పత్రం అడుగుతారు. తాళంచెవి పోయిన సందర్భంలో పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకలును కూడా సాధారణంగా కోరతారు. తరువాత కారు ఛాసిస్ సంఖ్య ఆధారంగా తాళం కోత వివరాలను, రహస్య సంకేతాన్ని కంపెనీ నుండి తెప్పిస్తారు. కొన్ని కంపెనీలు కొత్త కారుతో పాటు తాళం సంఖ్య ముద్రించిన చిన్న బిళ్ళను ఇస్తాయి. దానిని కారులో కాక ఇంటిలో భద్రపరచుకోవాలి.

లోహపు పలకను కోసిన తరువాత తాళంచెవిని కారుకు పరిచయం చేస్తారు. దీనినే ప్రోగ్రామింగ్ లేదా కోడింగ్ అంటారు. డ్రైవరు వైపు డాష్‌బోర్డు కింద ఉండే 16 సూదుల సాకెట్టుకు పరికరాన్ని తగిలించి, రహస్య సంకేతం ఇచ్చి, కొత్త చిప్పును కారు జ్ఞాపకంలో నమోదు చేస్తారు. అందువలన కారును అక్కడికి తీసుకువెళ్ళక తప్పదు. అమెరికాలో అమ్మిన అనేక ఫోర్డు కార్లలో అప్పటికే నమోదైన రెండు తాళంచెవులు చేతిలో ఉంటే, మూడవదానిని ఏ పరికరమూ లేకుండా యజమానే నమోదు చేసుకునే వీలుంది. ఒక్కటే ఉంటే ఆ వీలు లేదు.

స్వతంత్ర నిపుణులు రెండు విధాలుగా తాళంచెవి చేస్తారు. మొదటిది పైన చెప్పిన నమోదు. రెండవది క్లోనింగ్, అనగా పాత చిప్పులోని వివరాలను కొత్త చిప్పులోకి నకలు తీయడం. క్లోనింగ్‌లో రెండు తాళంచెవులకూ గుర్తింపు సంఖ్య ఒకటే కాబట్టి కారుకు వాటి మధ్య తేడా తెలియదు. అందువలన వాటిలో ఒకటి పోతే దానిని మాత్రమే విడిగా రద్దు చేయడం సాధ్యం కాదు. వాడిన తాళంచెవిని తక్కువ ధరకు కొనేటపుడు కూడా జాగ్రత్త అవసరం. ఒక కారుకు నమోదై ముడిపడిన చిప్పులు చాలా రకాలలో మరొక కారుకు పనికిరావు.

తాళంచెవులన్నీ పోయినపుడు

ఒక తాళంచెవి చేతిలో ఉండగా రెండవది చేయించడానికీ, ఒక్కటీ లేకుండా కొత్తది చేయించడానికీ చాలా తేడా ఉంది. మొదటి సందర్భంలో కారును నడుపుకుంటూ వెళ్ళవచ్చు, కోతకు నమూనా ఉంటుంది. రెండవ సందర్భంలో కారును వేరే వాహనంతో లాగించుకొని వెళ్ళాలి, లేదా నిపుణుని కారు దగ్గరకు పిలిపించాలి. నమూనా లేనందున కోత వివరాలను కంపెనీ నుండి గానీ, తాళాన్ని విప్పి గానీ తెలుసుకోవాలి. కొన్ని కార్లలో ఇమ్మొబిలైజర్ యూనిట్టును విప్పి దాని జ్ఞాపకాన్ని చదవవలసి వస్తుంది, లేదా తాళాల జత మొత్తాన్ని మార్చవలసి వస్తుంది. ఖర్చు, సమయం రెండూ అనేక రెట్లు పెరుగుతాయి. కాబట్టి రెండవ తాళంచెవి పోయిన రోజునే దానిని చేయించుకోవడం మేలు.

పోయిన తాళంచెవిని కారు జ్ఞాపకం నుండి తొలగించడం కూడా ముఖ్యమే. అనేక కార్లలో ఈ పనికి పాత నమోదులన్నీ చెరిపి, చేతిలో ఉన్నవాటిని మళ్ళీ నమోదు చేస్తారు. అందుకే ఇంటిలో ఉన్న తాళంచెవులన్నిటినీ వెంట తీసుకువెళ్ళాలి. ఇలా తొలగించిన తరువాత పోయినదానితో ఇంజను ప్రారంభం కాదు. కానీ దాని లోహపు పలక తలుపును తెరుస్తూనే ఉంటుంది. ఆ భయం ఉన్నపుడు తాళాన్ని కూడా మార్పించాలి.

భద్రత

ఇమ్మొబిలైజర్ విలువ ఏమిటో అమెరికాలో స్పష్టంగా కనిపించింది. అక్కడ 2021 వరకు తయారైన అనేక హ్యుందాయ్, కియా కార్లలో, తాళంచెవి తిప్పి నడిపే రకాలలో, ఈ వ్యవస్థ లేదు. స్టీరింగు కింది తొడుగును విరిచి, యూఎస్‌బీ తీగ కొసతో ఇంజనును ప్రారంభించే పద్ధతి 2022లో వీడియోల ద్వారా వ్యాపించి దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు ఉచిత సాఫ్ట్‌వేర్ సవరణను ప్రకటించాయి. ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయిన పొరుగుదేశం కెనడాలో ఈ కంపెనీల కార్లకు ఆ బెడద రాలేదు.

చిప్పులు కూడా అభేద్యమైనవి కావు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 40 బిట్ల రహస్య సంఖ్య గల చిప్పును 2005లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్ఎస్ఏ ప్రయోగశాలల పరిశోధకులు ఛేదించారు. దక్షిణాఫ్రికాలో రూపొంది అనేక రిమోట్‌లలో వాడబడిన కీలాక్ అనే గూఢలిపిని 2008లో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు భేదించారు. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఇంటిలో ఉన్న స్మార్ట్ కీ సంకేతాన్ని మధ్యలో రెండు పరికరాలతో కారు వరకు చేరవేసి, 8 కంపెనీలకు చెందిన 10 రకాల కార్లను తెరిచి చూపారు. దీనిని రిలే దాడి అంటారు. తాళంచెవిని లోహపు డబ్బాలో ఉంచితే ఇటువంటి దాడి చాలావరకు ఆగుతుంది.

బీమా, పాత కార్ల కొనుగోలు

భారతదేశంలో కారు దొంగతనానికి గురైనపుడు బీమా సంస్థలు పరిహారం చెల్లించే ముందు అసలు తాళంచెవులన్నిటినీ అప్పగించమని సాధారణంగా కోరతాయి. ఒకటి తక్కువైతే యజమాని దానిని ఎక్కడ, ఎప్పుడు పోగొట్టుకున్నదీ వివరించవలసి వస్తుంది. తాళంచెవి పోయినప్పుడే పోలీసులకు తెలిపి, ఆ పత్రాన్ని, మారు తాళంచెవి రసీదును దాచిపెట్టుకుంటే అప్పుడు అవి సాక్ష్యంగా పనికివస్తాయి. తాళంచెవి ఖర్చును భరించే కీ రీప్లేస్‌మెంట్ అనే అదనపు రక్షణను సమగ్ర బీమాతో పాటు విడిగా ప్రీమియం చెల్లించి తీసుకోవచ్చు. మూడవ పక్షానికి జరిగే నష్టం కోసం మాత్రమే తీసుకున్న బీమాలో ఇది వర్తించదు.

పాత కారును కొనేటపుడు రెండు తాళంచెవులనూ అడిగి తీసుకొని, రెండింటితోనూ ఇంజనును ప్రారంభించి చూడాలి. అమ్మినవారి వద్ద మరొకటి మిగిలి ఉండవచ్చుననే అనుమానం ఉంటే నమోదులను చెరిపించి మళ్ళీ చేయించుకోవచ్చు. ఎన్ని తాళంచెవులు నమోదై ఉన్నాయో చూపే సౌకర్యం కొన్ని కార్లలో ఉంది.

కొత్త కారుకైనా రెండు తాళంచెవులు వస్తాయనే హామీ అన్నివేళలా ఉండదు. చిప్పుల కొరత కారణంగా 2022 అక్టోబరులో టయోటా సంస్థ జపానులో రెండు స్మార్ట్ కీలకు బదులు ఒక స్మార్ట్ కీని, ఒక మామూలు తాళంచెవిని ఇవ్వవలసి వచ్చింది.

ఇవి కూడా చూడండి

* తాళము
* మోటారు కారు
* గూఢలేఖన శాస్త్రం
* రేడియో తరంగాలు
* వాహన బీమా