బ్యాట్ పడేసి పరుగెత్తిన సిరాజ్

చిన్నప్పుడు ఆదివారం వస్తే చాలు, రామంతాపూర్ నుంచి సైకిళ్ళేసుకుని హబ్సిగూడ మీదుగా ఉస్మానియా క్యాంపస్ గ్రౌండ్‌కి పోయేవాళ్ళం. కార్క్ బాల్, టీమంతటికీ ఒక్క జత ప్యాడ్లు, హెల్మెట్ ఊసే లేదు. ఓ రోజు మావాడొకడికి కణత మీద బాల్ తగిలింది. నెత్తిన నీళ్ళు పోసి "ఏం కాలేదురా, ఆడు" అన్నాం. ఆడాడు. కాసేపటికి "స్కోరెంత?" అని మూడుసార్లు అడిగాడు. మేం పగలబడి నవ్వాం. ఇంటికెళ్ళి వాంతులు చేసుకున్నాడు. అదృష్టం బాగుండి కోలుకున్నాడు గానీ, మేం నవ్వింది కన్‌కషన్‌ని చూసి అని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాకే.

పెద్ద ఆటల్లోనూ ఇదే తంతు లెండి. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డ రమణ్ లాంబా, తలకి బాల్ తగిలాక తన కాళ్ళమీదే నడిచి బయటికొచ్చాడు. మూడ్రోజుల్లో పోయాడు. నడుస్తున్నాడు కదా అని నమ్మడానికి లేదన్నమాట.

2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ళ కుర్రాడు ఫుట్‌బాల్‌లో దెబ్బ తగిలాక కాసేపు కూర్చుని మళ్ళీ దిగాడు. ఆటయ్యాక కుప్పకూలాడు. ప్రాణం దక్కింది గానీ మాట, నడక మళ్ళీ నేర్చుకోవాల్సొచ్చింది. 2009లో అతని పేరుతోనే చట్టమొచ్చింది: అనుమానం వస్తే చాలు ఆట ఆపించాలి, వైద్యులు రాసిచ్చేదాకా దించకూడదు. 2014కల్లా 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలే. అక్కడి మనవాళ్ళు పిల్లల సాకర్ కోసం సంతకం పెట్టే కాగితం వెనక కథ ఇదే.

క్రికెట్‌లో ఐసీసీ 2019 ఆగస్టులో కన్‌కషన్ సబ్‌స్టిట్యూట్ తెచ్చింది. 2020 డిసెంబర్‌లో సిడ్నీ ప్రాక్టీస్ మ్యాచ్‌లో బుమ్రా కొట్టిన బాల్ బౌలర్ కామెరాన్ గ్రీన్ తలకి తగిలింది. అవతలి ఎండ్‌లో ఉన్న మన హైదరాబాదీ సిరాజ్ పరుగు సంగతి వదిలేసి, బ్యాట్ పడేసి గ్రీన్ దగ్గరికి పరుగెత్తాడు.

స్పృహ తప్పకపోయినా, స్కాన్‌లో ఏమీ కనపడకపోయినా కన్‌కషన్ ఉండొచ్చు. అడిగిందే అడగడం, తలనొప్పి, కళ్ళు తిరగడం, చూపు మసకబారడం.. వీటిలో ఏ ఒక్కటున్నా ఆ రోజుకి ఆట బంద్, డాక్టర్‌కి చూపించాల్సిందే. వాంతులు ఆగకపోయినా, మత్తు ముదిరినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆస్పత్రికి. ఆ తర్వాత ఒకట్రెండు రోజులు విశ్రాంతి, ఫోనూ తగ్గించాలి. డాక్టర్ సరేనన్నాక మెల్లమెల్లగా ఆటలోకి.

గల్లీ టీముకి డాక్టరుండడు, కెప్టెనుంటాడు. ఆ రోజు కెప్టెన్ని నేనే.